కత్తి కట్టకముందే ఒక మాట

ధనుర్మాసం వచ్చింది. కోత అయిపోయిన చేలల్లో, రోడ్డు పక్క మెరక స్థలాల్లో ట్రాక్టర్లు నేల చదును చేస్తున్నాయంటే ఎందుకో మన కైకలూరు వైపు చిన్నపిల్లాడికి కూడా చెప్పక్కర్లేదు. అడిగితే వాలీబాల్ కోర్టంటారు. ఇంకొకరు భోజనాల పందిరంటారు. సరే, అలాగే అనుకుందాం. భోగి నాడు పొద్దున్నే ఆ కోర్టులో ఏ ఆట ఆడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పండక్కి ఇంకా వ్యవధి ఉంది గనకే ఇప్పుడు రాస్తున్నాను. కనుమ వెళ్లాక రాయాల్సి వస్తే రాసేది సంతాపమే. నేను పందెం ఎరగనివాణ్ణి కాను. పందెం కోళ్లలో కాకికీ డేగకీ తేడా నిక్కర్లు తొడిగే రోజుల్లోనే నేర్చుకున్నాను. మా పెదనాన్న భుజమ్మీద కూచుని పందేలు చూశాను. అందుకే మిమ్మల్ని కోప్పడే అర్హత నాకు లేదు. బతిమాలుకుంటున్నాను, వినండి.

ముందు కత్తి సంగతి. దూరం నుంచి చూసేవాళ్లకి అది కనపడదు. కోడి ఎగరడం, ఈకలు రాలడం, జనం అరవడం, అంతే. దగ్గర్నుంచి చూడండి. చిటికెన వేలంత వెడల్పు ఉండదు, మూడంగుళాల పొడవుంటుంది. ఒకడు కోడిని చంకలో ఇరికించుకుని కాలు ముందుకు పెడతాడు. కత్తి కట్టేవాడు ఆ కాలికి గుడ్డముక్క చుట్టి, దానిమీద కత్తి ఆనించి, దారంతో చుట్టు మీద చుట్టు వేసి బిగిస్తాడు. ఆ రెండు నిమిషాలూ ఇద్దరూ మాట్లాడుకోరు. పదును చూడ్డానికి ఎవరూ వేలు పెట్టరు. నాలుగైదు కిలోల బలమైన పక్షి, నెలల తరబడి బాదం పప్పూ జీడిపప్పూ కైమా తిని, చెరువులో ఈత కొట్టి కండ పట్టిన పక్షి, కాలికి అలాంటి కత్తితో మనిషి చేతుల మధ్య గింజుకుంటూ ఉంటుంది. దానికి ఎవరి మీదా పగ లేదు. వదిలించుకోవాలి, అంతే. ఎటు తన్నాలో దానికి మనం చెప్పలేం.

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో అలాగే జరిగింది. కత్తి కట్టిన కోడి చేతుల్లోంచి తప్పించుకోబోయింది. పట్టుకున్న మనిషికి గజ్జల దగ్గర తెగింది. ఆసుపత్రికి చేర్చేలోపే రక్తం పోయి ప్రాణం పోయింది. పోయింది ఎదుటి పక్షంవాడు కాదు, ఆ కోడి తెచ్చుకున్న మనిషే. 2023 సంక్రాంతికి మనకి ఇంకా దగ్గర్లో, నల్లజర్ల మండలం అనంతపల్లిలో ఒకరు, కాకినాడ జిల్లా వేలంకలో ఒకరు కోడికత్తికే బలైపోయారు. పండక్కి ఇంటికొచ్చిన బంధువులు మంచం చుట్టూ కూర్చోవాల్సి వచ్చింది.

తలరాత అంటారు. అనకండి. తాడు కట్టి, పందిరి వేసి, లైట్లు పెట్టి, పార్కింగుకి మనుషుల్ని పెట్టి, ఫలానా రోజు ఫలానా టైముకి అని వాట్సాప్‌లో పంపి మరీ చేసే పనిలో తలరాత ఎక్కడుంది? అంతా మన ఏర్పాటే.

ఇక్కడ మీకొక దూరదేశపు కథ చెప్పాలి. ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నర వేళ ఒక చేపల ప్యాకింగ్ షెడ్డు ముందు నుంచి వస్తున్నాను. లారీకి ట్రేలు ఎక్కించాల్సిన కుర్రాళ్లు నలుగురు ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. చేతులకి ఐసు నీళ్లు కారుతున్నాయి. క్రికెట్ అనుకున్నాను. చూస్తే గుర్రాలు! ఎత్తైన కంచెల మీంచి దూకుతున్నాయి, కొన్ని పడుతున్నాయి. "గ్రాండ్ నేషనల్ తాతా, ఇంగ్లండ్‌ది" అన్నాడొకడు. ఎంత పెట్టావురా అని అడిగాను. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ కుర్రాడికి ఆ రాత్రి చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

ఇంగ్లండ్ వాళ్లు 1835లో చట్టం చేసి కోడి పందేలు నిషేధించారు. అవును, వాళ్లకీ ఉండేవి. నాలుగేళ్లకల్లా, 1839లో, లివర్‌పూల్ పక్కన ఎయింట్రీలో ఈ గుర్రాల పందెం పెద్ద ఎత్తున జరిగింది. మొదటి ఏడు గెలిచిన గుర్రం పేరు లాటరీ. అంతకంటే తగిన పేరు ఇంకోటి దొరకదు. అదే పందెంలో కెప్టెన్ మార్టిన్ బెచర్ అనే ఆయన గుర్రం మీంచి కాలవలో పడ్డాడు. మిగతా గుర్రాలు నెత్తి మీంచి దూకుతుంటే నీళ్లలో నక్కి బతికాడు. ఆ కాలవకి ఆయన పేరే పెట్టుకుని బెచర్స్ బ్రూక్ అని ఇప్పటికీ మురిసిపోతారు. ఆ రోజే డిక్టేటర్ అనే గుర్రం పడి చచ్చిపోయింది. దాని పేరు ఏ కంచెకీ పెట్టలేదు.

నాలుగు మైళ్ల పైచిలుకు పరుగు. ముప్పై సార్లు దూకాలి. 1862లో జోసెఫ్ విన్ అనే జాకీ పడి చనిపోయాడు. 1928లో 42 గుర్రాలు బయల్దేరితే చివరిదాకా వచ్చినవి రెండు. అందులో రెండోది పడి లేచి వచ్చింది. జనం భయపడి మానేశారనుకుంటున్నారా? మరుసటి ఏడు 66 గుర్రాలు దిగాయి, అంత మంద ముందూ లేదు, తర్వాతా లేదు. అపాయమే ఆ పందేనికి పేరు తెచ్చింది. అపాయం తగ్గిస్తే పేరు పోతుందని వాళ్ల భయం. మన బరుల దగ్గర ఈ మాట మీరు వినలేదూ? "కత్తి లేకపోతే అది పందెమేంటండీ!"

చూడండి, ఆ కాలవ ఎంత ప్రమాదమో మొదటి రోజే, బెచర్ పడ్డ నాడే తెలిసింది. దాన్ని చాలా మటుకు పూడ్చింది 1989లో రెండు గుర్రాలు అక్కడే చచ్చాక. మధ్యలో నూట యాభై ఏళ్లు. ఆ తర్వాత 2011లో రెండు, 2012లో రెండు చచ్చాయి. అప్పుడు గానీ కంచెల లోపలి గట్టి కట్టెలు తీసి, 2013 నుంచి వంగే ప్లాస్టిక్ పెట్టలేదు. నలభై గుర్రాల మందని 34కి కుదించింది 2024లో. ఇన్ని చేసినా 2025లో సెలెబ్ర్ డాలెన్ అనే పదమూడేళ్ల గుర్రం పరుగు చివర కుప్పకూలి కొద్దిరోజులకే చచ్చిపోయింది. పశువైద్యులు, అంబులెన్సులు, నిబంధనల పుస్తకాలు, కోట్ల డబ్బు అన్నీ ఉన్నచోట సంగతి ఇది. మన బరి దగ్గర ఏముంది? ఒక తాడు. దాని అవతల మూడు వరసల పిల్లలు.

ఆ తాడు గురించే చెప్పాలి. కోళ్లు వదలగానే వెనకవాళ్లు ముందుకి తోస్తారు. ముందువాళ్లు తాడు మీద పడతారు. కోడి మనిషి ఎత్తు ఎగిరి జనం మీద వాలిందంటే తప్పుకోవడానికి చోటుండదు. చంటిపిల్లల్ని భుజాన ఎక్కించుకున్నవాళ్లు ముందు వరసలో ఉంటారు, పిల్లాడికి బాగా కనపడాలని. పిల్లాడి కాళ్లు అప్పుడు ఎక్కడుంటాయి? సరిగ్గా మన గుండెల మీద, కోడి ఎగిరే ఎత్తులో. మా పెదనాన్న నన్నలాగే కూచోబెట్టాడు. ఆయనకి నా మీద ప్రేమ లేకనా? తోచలేదు, అంతే. మీకు నేను చెబుతున్నాను గనక మీకు తోచలేదనడానికి లేదు.

సంప్రదాయం మాటకొస్తే, పల్నాటి కథ మనకి ఒకరు చెప్పాలా? కోడి పందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు ఊళ్లొదిలి పోయింది. ఆ తర్వాత కారెంపూడి యుద్ధం. పౌరుషం అంటూ ఆ కథ ఎత్తుకునేవాళ్లు రెండో సగం ఎందుకో చెప్పరు. కత్తి లేని డింకీ పందెం కదా, ఫర్వాలేదు అనేవాళ్లూ ఉన్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువుల్ని పోరుకి ఉసిగొల్పడమే నేరం. కత్తి ఉందా లేదా అన్నది తర్వాతి మాట. 1974 నాటి గేమింగ్ చట్టం జూదాన్ని పట్టుకుంటుంది. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో కోడి పందేలు ఆపించమని గట్టిగానే చెప్పింది. ఈ చట్టాలన్నీ మూడు రోజులు సెలవు పెడతాయని మన నమ్మకం. నాయకులు వచ్చి కోడిని చేత్తో పట్టుకుని ఫోటో దిగితే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. అయ్యా, పెద్దలారా, మీకొక దండం. ఈ ఏడు ఆ ఫోటో ఒక్కటి దిగకండి. మీరు రాకపోతే సగం జనం రారు.

తర్వాత రోడ్ల సంగతి. ఎయింట్రీలో కెనాల్ టర్న్ అనే మలుపు ఉంది. కంచె దూకిన మరుక్షణం గుర్రం ఎడమకి తొంభై డిగ్రీలు తిరగాలి. తిరక్కపోతే ఎదురుగా ఉన్నది కాలవ. మనకైతే ఊరి రోడ్లన్నీ కెనాల్ టర్న్‌లే. మండవల్లి వైపు వెళ్లండి, కలిదిండి వైపు వెళ్లండి, కొల్లేటికోట వైపు వెళ్లండి, ఒక పక్క కాలవ, ఒక పక్క చెరువు, మధ్యన రెండు కార్లు తప్పుకోలేని గట్టు. రెయిలింగ్ ఉండదు. జనవరి తెల్లవారుజామున పొగమంచుకి చెరువేదో రోడ్డేదో తెలియదు. ఫ్లడ్‌లైట్ల కింద రాత్రంతా నిలబడి, తాగి, డబ్బు పోయిన కోపంలోనో వచ్చిన ఉత్సాహంలోనో స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుంది? చేపల చెరువులో పడ్డ కారు తలుపు నీళ్ల ఒత్తిడికి తెరుచుకోదు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన అల్లుళ్లకి మన గట్లు తెలియవు. వాళ్ల చేతికి రాత్రిపూట తాళాలివ్వకండి. అలిగితే అలగనివ్వండి.

ఇక డబ్బు. కత్తికి ఒకరిద్దరు పోతారేమో గానీ డబ్బుకి ఇళ్లకి ఇళ్లే పోతాయి, అదీ చప్పుడు లేకుండా.

పండగ నెల మన వైపు చేతిలో డబ్బాడే రోజులు. వరి అమ్మినవాడికి ధాన్యం డబ్బు, చెరువు పట్టినవాడికి చేపల డబ్బు. కానీ ఆ డబ్బు మనది కాదు. అందులో మేత కొట్టు బాకీ ఉంది, చెరువు లీజు ఉంది, పిల్లల హాస్టల్ ఫీజు ఉంది. అది చేతిలోంచి చేతిలోకి పోయే లోపల మధ్యలో మూడు రోజులు బరి పక్కన ఆగుతుంది. కోడి మీద పై పందెం, పక్క టెంటులో గుండాట, ఇంకో పక్క కోతాట. గుండాట బల్ల దగ్గర ఎప్పుడైనా చూశారా? పెద్దవాళ్లకంటే పిల్లలే ఎక్కువ. అమ్మమ్మ ఇచ్చిన పండగ డబ్బులు పదీ ఇరవై చొప్పున బొమ్మ మీద పెడుతుంటారు. మొదటి రెండు సార్లు గెలుస్తారు. అదే వాళ్ల దురదృష్టం.

చేతిలో డబ్బయిపోతే అక్కడే అప్పిచ్చేవాళ్లు ఉంటారు. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ లెక్క కాదది, రోజు లెక్క. వేలి ఉంగరం తీసిచ్చినవాణ్ణి, బండి సీ బుక్కు ఇచ్చినవాణ్ణి నేను చూశాను. ఆ రెండోవాడు కనుమ సాయంత్రం నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. బండేదని ఇంట్లో అడిగితే రిపేరుకిచ్చానన్నాడు.

ఇప్పుడు ఈ బరి మూడు రోజులకి ఆగడం లేదు. ఫోన్లోకి వచ్చేసింది. సంక్రాంతికి కోడి, వేసవిలో క్రికెట్, మధ్యలో ఎక్కడో ఇంగ్లండ్ గుర్రం. "గుర్రప్పందెం చట్టం ఒప్పుకున్నదే కదా తాతా" అంటారు. నిజమే, మలక్‌పేటలో 1886లోనే పరుగులు మొదలయ్యాయి, గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు 1996లో అంది. కానీ నాయనా, ఆ నైపుణ్యం నీ దగ్గరుందా? గుర్రాన్ని చూడలేదు, నేల తడిగా ఉందో పొడిగా ఉందో తెలియదు, జాకీ పేరు నోరు తిరగదు. ఎవడో టెలిగ్రామ్‌లో పంపిన లింకు నొక్కి డబ్బు వేశావు. ఆ లింకు వెనక గుర్రం ఉందని నీకెవరు చెప్పారు? మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా అలాంటి ఆటలకి నిషేధం పెడుతూ చట్టం చేసింది. పోయిన డబ్బు గురించి బయటికి చెప్పుకోవడానికి భయపడతావు, అందుకే వాళ్లకి నువ్వు కావాలి.

1967లో ఎయింట్రీలో ఫోయినావన్ అనే గుర్రం గెలిచింది. ఒకటికి వంద ఇచ్చే గుర్రం, అంటే గెలుస్తుందని ఎవరూ అనుకోనిది. ఒక కంచె దగ్గర ముందువన్నీ ఒకదాని మీదొకటి పడి చిక్కుపడిపోతే, బాగా వెనక నుంచి తాపీగా వస్తున్న ఇది సందు చూసుకుని దాటిపోయింది. ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. ఆ రోజు పరిగెత్తినవి 44 గుర్రాలు. మిగతా 43 మీద డబ్బు పెట్టినవాళ్ల కథ ఎవరూ చెప్పరు. షెడ్డు దగ్గరి కుర్రాడా, నువ్వు ఉండేది ఆ 43లో.

అమ్మలూ, ఇప్పుడు మీతో. ఇంట్లో పిల్లాడు ఫోన్ బోర్లా పెడుతున్నాడా? భోజనం మధ్యలో లేచి బయటికెళ్లి మాట్లాడుతున్నాడా? రెండొందలు, అయిదొందలు చొప్పున ముక్కూ మొహం తెలియని పేర్లకి డబ్బు వెళ్తోందా? చీటీ పాట డబ్బు ఈ నెల కట్టలేదని పాడినావిడ అడిగిందా? చెరువు పట్టి పదిరోజులైనా "బిల్లు రాలేదు" అంటున్నాడా? బీరువాలో గొలుసు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఉంటే సంతోషం. లేకపోతే అరవకండి, దయచేసి. అరిస్తే రెండో అబద్ధం చెబుతాడు. కూచోబెట్టి ఎంతయిందో అడగండి. మొత్తం చెప్పేదాకా అడగండి, మొదట చెప్పేది ఎప్పుడూ సగమే. ఒక సంగతి మటుకు భయంతోనే రాస్తున్నాను: అప్పుల్లో మునిగిన పిల్లాడు ఉన్నట్టుండి మౌనంగా, మంచిగా మారిపోయి, అందరికీ ఇచ్చేవి ఇచ్చేస్తుంటే ఒంటరిగా వదలకండి. ఆ రాత్రి పక్కనే పడుకోండి. 14416కి ఫోన్ చేస్తే మానసిక వైద్య సలహా ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్లో మోసపోతే వెంటనే 1930కి చెప్పండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరకదు.

పక్షి జబ్బు సంగతి క్లుప్తంగా. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలింది. ఎక్కడెక్కడి కోళ్లో ఒకచోటికి చేరి, ఒకదాని రక్తం ఒకదాని మీద, అది మన చేతుల మీద పడే చోటు బరి. నీరసపడ్డ కోడిని, ఉన్నట్టుండి చచ్చిన కోడిని ముట్టుకోకండి, కొయ్యకండి. పశువుల డాక్టరుకి చెప్పండి. పందెంలో ఓడిన కోడి కూరకి మన వైపు ఎంత గిరాకీయో నాకు తెలుసు. ఈసారికి నాటుకోడి బయట కొనుక్కోండి, రుచికేం తక్కువ రాదు.

ఇంత చెప్పినా వెళ్లేవాళ్లు వెళ్తారు. నాకు తెలుసు. వాళ్లకోసం ఇది కూడా రాసి పెడుతున్నాను, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. తాడుకి పది అడుగులు వెనక నిలబడండి. కత్తి కట్టిన కోడిని చేతికివ్వబోతే వద్దనండి. ఎవరికైనా తొడకో గజ్జకో మోకాలి వెనకో తెగితే పడుకోబెట్టి, శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీద రెండు చేతులతో బలంగా అదమండి. ఆగిందా లేదా అని తీసి చూడకండి. తడిస్తే దానిమీద ఇంకో గుడ్డ వేసి అదమండి. పసుపు వద్దు, కాఫీ పొడి వద్దు. పోలీసులొస్తారని, కేసవుతుందని బైకు మీద మధ్యలో కూచోబెట్టి దొంగదారిన తీసుకెళ్లకండి. అలా దాచుకుంటూ పోయే పావుగంటలోనే మనిషి పోతాడు. 108కి ఫోన్ చేయండి. ఏ గట్టు మీదున్నారో, ఏ గుడి దగ్గరో, అంబులెన్సు ఎటు నుంచి రాగలదో చెప్పండి. వచ్చే దారిలో మన కార్లే అడ్డం పెట్టి ఉంటాయి, ముందు అవి తీయించండి.

పిల్లల్ని మాత్రం అటు తీసుకెళ్లకండి. భోగి మంట వేసుకుని, తలంట్లు పోసుకుని, ఎండ కాస్త ఎక్కాక ఆటపాక రండి. గూడబాతులు వచ్చి ఉంటాయి. పడవెక్కించి చూపించండి. వీలుంటే నేనూ అక్కడే ఉంటాను, మా మనవణ్ణి తీసుకుని.